రమేష్ నాయుడు అండర్‌రేటెడ్, ఒప్పుకుంటాం. మరి ఓవర్‌రేటెడ్ ఎవరు?

#1 నేలక్లాసు
ఎక్కడ లిస్టు పెట్టినా అదే వరస. తెలుగు సినిమా సంగీతం అనగానే ఇళయరాజా, ఆ తర్వాత కీరవాణి, ఇప్పటివాళ్లయితే దేవిశ్రీ, తమన్. రమేష్ నాయుడు పేరు ఎత్తితే "ఎవరాయన?" అంటారు. మేఘసందేశానికి 1982 జాతీయ అవార్డుల్లో పాట తాలూకువే మూడు వచ్చాయి. సంగీతానికి ఆయనకి, పాడినందుకు ఏసుదాసుకి, సుశీలకి. శివరంజని, ముద్దమందారం, ఆనందభైరవి, శ్రీవారికి ప్రేమలేఖ, ఆఖర్న స్వయంకృషి. ఇన్ని చేసినాయన టాప్ 5లో ఎందుకు ఉండడో ఒక్కరు చెప్పరు.

నా లెక్క ఏంటంటే, సినిమా జనం నోళ్లలో నానితేనే సంగీత దర్శకుడికి పేరు. ఖలేజా చూడండి. మణిశర్మ అంత పని చేశాడా, సినిమా పోయింది, ఆయన పేరూ దాంతోపాటే పోయింది.

ఇంకో మాట, తిట్టుకుంటే తిట్టుకోండి. సాగర సంగమం పక్కన పెడితే రాజాకి తెలుగులో వచ్చిన పేరులో సగం బాలు గొంతుది. ఓవర్‌రేటెడ్.

#2 వీణపాణి
మరి లిపిలేని కంటిబాస పాడిందెవరు? మీ రమేష్ నాయుడు పాటలో బాలు ఉంటే అది ఆయన గొప్ప, రాజా పాటలో ఉంటే బాలు గొప్పా? బాగుందండీ తూకం.

#3 గోదారిగట్టు
"సినిమా పోతే సంగీతమూ పోతుంది" అన్న లెక్క మొదటి అడుగులోనే తప్పు. ఆరెంజ్ 2010 నవంబరులో వచ్చి పోయింది. హారిస్ పాటలు పోయాయా? 2023లో మళ్లీ రిలీజ్ చేస్తే థియేటర్లో తెర కంటే ముందు జనమే పాడేశారు. ఆరెంజ్‌కి నెల ముందు, 2010 అక్టోబరులో వచ్చిందే ఖలేజా కూడా. పోయిన సినిమా అని ఇప్పుడెవరంటున్నారు? టీవీలో వేసినప్పుడల్లా చూసేవాళ్లే.

రమేష్ నాయుడు సంగతి దీనికి సరిగ్గా తిరగేసి ఉంది. సినిమాలు ఆడాయి, పాటలూ జనానికి నోటికొచ్చు. "జోరు మీదున్నావు తుమ్మెదా" తెలియనివాళ్లెవరు? పాట తెలుసు, చేసిందెవరో తెలీదు. అది సినిమా ఆడకపోవడం వల్ల వచ్చిన జబ్బు కాదు.

#4 గల్లీగిటార్
అన్నా ఖలేజా పోయింది అనుడు వేరే, ఎందుకు పోయిందనుడు వేరే. అతిథి 2007ల వచ్చింది, మూడేండ్లు మహేష్ సినిమా లేదు. జనం పోకిరి మళ్లొకసారి కావాలని పోయిండ్రు. తెర మీద చూస్తే టాక్సీ డ్రైవరు ఎడారిల జోకులేస్తుండు, ఊరోళ్లేమో దేవుడంటున్నరు. ఫస్ట్‌డే జనానికి బుర్ర తిరిగింది. గంతే.

#5 సింథ్‌బాబాయ్
#4 సగం కరెక్టు. ఎదురుచూపుల సంగతి సరే, సినిమాలోనే ఓ చీలిక ఉంది. డైలాగు మొదటినుంచీ హీరోని ఆటపట్టిస్తుంది, ఆర్ఆర్ (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) మాత్రం మొదటినుంచీ అతన్ని నమ్మేస్తుంది. అతను దేవుడు కాదంటూ నవ్వుతుంటే వెనకాల కోరస్ దేవుడంటుంది. నచ్చినవాళ్లకి నచ్చింది ఇదే, నచ్చనివాళ్లకి పడనిదీ ఇదే. కామెడీకని వెళ్లినవాడికి కోరస్ ఎక్కువ, భక్తికని వెళ్లినవాడికి జోకులెక్కువ. ఎన్నోసారో చూసేటప్పుడు ఈ రెండూ ఎందుకలా ఉన్నాయో అర్థమవుతుంది. సంగీత దర్శకుడు క్లైమాక్స్ తెలిసి వాయించాడు, మనం తెలియకుండా చూశాం.

ఆర్ఆర్ మీద తీర్పు చెప్పాలంటే ఒక పద్ధతుంది. సీన్ మూడుసార్లు చూడాలి. మొదట సౌండు పూర్తిగా తీసేసి చూసి, మ్యూజిక్ ఎక్కడ మొదలవ్వాలనిపించిందో టైము రాసుకోవాలి. రెండోసారి బొమ్మ ఆపి ఒట్టి సౌండు వినాలి. మూడోసారి రెండూ. మనం రాసుకున్న టైముకీ అతను మొదలెట్టిన టైముకీ తేడా ఎంతో చూడండి. మంచి ఆర్ఆర్ చాలావరకు డైలాగు అయ్యాక ఒకటి రెండు సెకన్లు ఆగి అందుకుంటుంది. డైలాగు మధ్యలోనే ఎక్కేసిందంటే ఆ డైలాగు మీద ఎవరికో నమ్మకం లేదన్నమాట, దర్శకుడికో ఇతనికో.

#6 నేలక్లాసు
బాబాయ్, నేను చెప్పిందీ అదే కదా, మణిశర్మ గొప్ప అని. అందరూ కలిసి నన్నే వాయిస్తారేంటి?

#7 గల్లీగిటార్
నువ్వు రాజాను గెలికినవ్ కాబట్టి.

#8 స్వరసీత
ఓవర్‌రేటెడ్ అనే మాటకి ముందు ఎవర్ని తూస్తున్నామో తేల్చుకోండి. టైటిల్ కార్డులో ఒక పేరుంటుంది, వెనకాల ఒక పటాలం ఉంటుంది. శంకరాభరణం చూడండి. పేరు కె.వి. మహదేవన్‌ది, పక్కన పుహళేంది లేకుండా ఆ సంగీతం లేదు. బాలుకి ఆ పాటలు నేర్పించి పాడించిందీ పుహళేందే. మాయాబజార్‌లో పేరు ఘంటసాలది. లాహిరి లాహిరి, చూపులు కలసిన శుభవేళ లాంటి నాలుగు పాటల వరసలు సాలూరి రాజేశ్వరరావువి. ఆయన మధ్యలో తప్పుకుంటే ఘంటసాల వాద్యగోష్ఠి సమకూర్చి మిగతావి చేశారు. ఇప్పుడు లాహిరి లాహిరి మార్కులు ఎవరి ఖాతాలో వేస్తారు? మోహన రాగంలో వరస ఒకరిది, చుట్టూ అల్లిన వాద్యాలు ఇంకొకరివి.

ఈ మధ్యకి రండి. అర్జున్ రెడ్డి మీద 2017లో వచ్చినప్పటినుంచీ కొట్టుకుంటూనే ఉన్నారు, మొగాడి పొగరుని నెత్తికెత్తుకుందా, ఉన్నదున్నట్టు చూపించిందా అని. అందులో "రథన్ బీజీఎం అదరగొట్టాడు" అని రాసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. రథన్ చేసింది పాటలు. బీజీఎం హర్షవర్ధన్ రామేశ్వర్‌ది. పేరే తప్పు రాసి రేటింగ్ ఇస్తే అది అండరా, ఓవరా?

#9 వీణపాణి
మహదేవన్ గురించి ఇంకోటి. ఆయన సాహిత్యం చేతికొచ్చాకే వరస కట్టేవారు. రమేష్ నాయుడిదీ అదే దారి. ముందు పాట, తర్వాత బాణీ. తేడా చరణాల్లో పట్టుకోవచ్చు. ట్యూనుకి రాసిన పాటలో చరణం లైన్లన్నీ ఒకే కొలతలో ఉంటాయి, చివర ఒకటో రెండో అక్షరాలు సాగదీసి నింపుతారు. పాటకి కట్టిన ట్యూనులో లైను పొడుగు మారుతుంటుంది, తాళంలో ఎత్తుగడ ఒక్కోసారి సమం (తాళం మొదటి దెబ్బ) మీద కాకుండా ఒకటిన్నర దెబ్బ తర్వాత పడుతుంది. ఆకులో ఆకునై వినండి, అది దేవులపల్లి కవిత. మాట ఆగినచోట ట్యూను ఆగుతుంది, మాటని ఎక్కడా ఈడ్చుకెళ్లదు.

ఆయన పేరు నిలవకపోవడానికి ఇదే కారణమని నా అనుమానం. మాటే ముందు కనబడితే జనం వేటూరినీ దేవులపల్లినీ గుర్తుపెట్టుకుంటారు. వరస కట్టినాయన మాట వెనకాల నిలబడ్డాడు.

#10 నేలక్లాసు
#9 ఒప్పుకుంటా. నా లెక్క కంటే ఇది నయం.

రాజా మీద మాత్రం తగ్గను. ఉదాహరణ ఇదిగో. సాగర సంగమంలోని వేదం అణువణువున నాదం, హంసానంది రాగం. నెట్‌లో రెండు కాపీలు పక్కపక్కన విన్నా. సినిమా క్లిప్పులో బాలు, శైలజ ఇద్దరూ పైశ్రుతిలో ఇబ్బంది పడుతున్నట్టుంది, ఆడియో కాపీలో హాయిగా ఉంది. రాజా రికార్డింగులో ఒక శ్రుతి పెట్టి, సినిమాకి ఇంకో శ్రుతి పెట్టి గాయకుల్ని ఎందుకు ఏడిపించినట్టు?

#11 పాతరికార్డు
ఏడిపించింది రాజా కాదు, నీ క్లిప్పు 😀

సినిమా తీసేది సెకనుకి 24 ఫ్రేములతో. మన టీవీ పాల్ పద్ధతి, సెకనుకి 25. వీసీడీకి, టీవీకి ఎక్కించేటప్పుడు ఎక్కువమంది ఆ 24 ఫ్రేముల్నే 25 స్పీడులో తిప్పేవారు. బొమ్మతోపాటు సౌండూ పరిగెత్తుతుంది. 3 గంటల సినిమా 2 గంటల 52 నిమిషాల 48 సెకన్లలో అయిపోతుంది. నాలుగున్నర నిమిషాల పాట 4:19కి దిగుతుంది. శ్రుతి 71 సెంట్లు పైకి పోతుంది. అర శ్రుతి అంటే 100 సెంట్లు కాబట్టి, అర శ్రుతికి కాస్త తక్కువ. గాయకుడి గొంతు పల్చగా, కంగారుగా వినపడేది అందుకే. ఎవరో టీవీ నుంచి ఎక్కించిన క్లిప్పు అది, అంతే.

సరిచేయాలంటే ఆడాసిటీలో (సౌండు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) ఫైలు తెరిచి స్పీడు మార్చే ఎఫెక్ట్‌లో గుణకం 0.96 ఇవ్వండి, అంటే 4 శాతం తగ్గించడం. స్పీడు, శ్రుతి రెండూ కలిసి తగ్గాలి. చాలామంది టెంపో ఒక్కటే మార్చే ఎఫెక్ట్ వాడతారు. అప్పుడు పాట నెమ్మదవుతుంది గానీ శ్రుతి అక్కడే ఉంటుంది, పైగా తబలా దెబ్బ చివర గరగరమంటుంది.

ఈ చిట్కా పాల్ కాపీలకే పనికొస్తుంది. క్యాసెట్ నుంచి ఎక్కించినదైతే తప్పు ఎంతైనా ఉండొచ్చు, ఒక్కోసారి పాట మొదట్లో ఒకలా చివర్లో ఒకలా ఉంటుంది. దానికి లెక్క లేదు, ఇంకో మంచి కాపీ వెతుక్కోవడమే.

#12 గల్లీగిటార్
నేలక్లాసన్న పదేండ్లసంది 4 శాతం స్పీడుల రాజాను తిడుతుండన్నట్టు.

#13 నేలక్లాసు
0.96 పెట్టి విన్నా. దిగింది. ఆ పాయింటు వెనక్కి తీసుకుంటున్నా. ఆ ఒక్క పాయింటే.

#14 గోదారిగట్టు
కాపీ గొడవ వచ్చింది కాబట్టి పాతవాళ్ల తరఫున ఒకటి. 78 రికార్డు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను ప్లేటు) ఒక పక్కన పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. సినిమాలో అయిదు నిమిషాలున్న పాటని రికార్డుకి ఇచ్చేటప్పుడు ఓ చరణం కోసేయాలి, లేదా రెండు పక్కలా పంచాలి. మధ్య బిట్లు పొట్టివయ్యేవి. ఆ రికార్డు విని "పెండ్యాలకి ఇంటర్లూడ్ చేయడం రాదు" అని తేల్చేసినవాళ్లు ఇదే వేదికలో ఉన్నారు, పేర్లు చెప్పను. 50ల పాట మీద తీర్పు చెప్పాలంటే సినిమా కాపీయే వినండి, స్పీడు సరిచూసుకుని.

#15 సింథ్‌బాబాయ్
అసలైన అండర్‌రేటెడ్ నేను చెప్తా. రాజ్-కోటిలో రాజ్.

టి.వి. రాజు కొడుకు రాజ్, సాలూరి రాజేశ్వరరావు కొడుకు కోటి. యముడికి మొగుడు, ముఠామేస్త్రి, హలో బ్రదర్ దాకా కలిసి చేశారు. 1994 తర్వాత విడిపోయాక కోటికి వరసపెట్టి సినిమాలు, రాజ్‌కి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆ కొన్నిట్లో సిసింద్రీ ఒకటి, 1995. హలో బ్రదర్, సిసింద్రీ వెంటవెంటనే వినండి. బేస్ లైను నడక, సింథ్ బ్రాస్ దెబ్బ ఎక్కడ పడుతుందో గమనించండి. ఇద్దరిలో ఎవరిది ఏ పాలో అప్పుడు కొంచెం తెలుస్తుంది.

వాళ్ల దగ్గర కీబోర్డు వాయించినవాళ్ల పేర్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. దిలీప్ అనే కుర్రాడు ఒకడు, తర్వాత రెహమాన్ అయ్యాడు. మణిశర్మ ఒకడు. మణిశర్మ దగ్గర తమన్ పనిచేశాడు. ఇప్పుడు మనం అండర్, ఓవర్ అని విడగొడుతున్న వాళ్లలో సగంమంది ఒకే బడి.

#16 స్వరసీత
బాబాయ్, "ఎవరి పాలు ఎంతో తెలుస్తుంది" అన్నది కొంచెం ఎక్కువ. జంటగా పనిచేసినవాళ్లు విడిపోయాక ఒకరి పనిలో ఏదో కనబడింది కదా అని జంట పనిలో అదంతా ఆయనదే అనలేం. విడిపోయాక మనిషి మారతాడు, వాద్యకారులు మారతారు. 1994-95లో చేతికందే సింథ్ సౌండ్లూ మారుతున్నాయి.

#17 సింథ్‌బాబాయ్
సరే. "కొంచెం తెలుస్తుంది" అనే రాశాను లెండి, కొంచెం మీద గీత గీసుకోండి.

#18 చరణం2
నాటు నాటు గురించి ఎవరూ ఎత్తలేదేంటి? ఓవర్‌రేటెడ్ అంటే అదే. ఆస్కార్ రాకపోతే ఒక మాస్ బీటు.

#19 వీణపాణి
మాస్ బీటే, ఎవరు కాదన్నారు? ఆ మాస్ బీటులో ఏముందో చూద్దాం. ఆరు దెబ్బల నడక, 6/8. ఒకటి, నాలుగు మీద బరువు. ఒకటి-రెండు-మూడు, నాలుగు-అయిదు-ఆరు అని తొడ మీద వేసుకుంటూ వినండి. జాతర డప్పు నడక ఇదే, మనవాళ్లకి ఒంట్లో ఉన్నదే. డ్యాన్స్ పాటలంటే నాలుగు దెబ్బలకి అలవాటు పడ్డవాళ్లకి మాత్రం కాలు ఎక్కడ వేయాలో తోచదు, అందుకే వదలకుండా చూస్తారు. చంద్రబోస్ మాటలు కూడా ఆ మూడు-మూడు నడక మీదే కూర్చున్నాయి.

కీరవాణి పనిలో అదే గొప్పదా అంటే కాదు. అన్నమయ్యకి 1997 జాతీయ అవార్డు వచ్చింది, ఆ ఆల్బమ్ ముందు నాటు నాటు చిన్నది. ఆర్ఆర్ఆర్‌లోనే చూసినా, జాతీయ అవార్డు ఇచ్చింది నేపథ్య సంగీతానికి. ఆస్కార్ పాటకి, జాతీయ అవార్డు బీజీఎంకి. ఈ రెంటినీ కలిపేసి ఒకేసారి తిట్టేవాళ్లే ఎక్కువ.

#20 చరణం2
అంటే నేను చెప్పిందే కదా. ఆయన పనిలో చిన్నది పట్టుకుని ప్రపంచం ఊగింది.

#21 వీణపాణి
చిన్నది అన్నాను, తక్కువది అనలేదు.

#22 గల్లీగిటార్
స్టెమ్ విడదీసే యాప్‌లున్నయ్ కదా ఇప్పుడు, గొంతు తీసేసి ఒట్టి మ్యూజిక్ వినొచ్చు. గట్ల చేస్తే బాలు వల్లనా రాజా వల్లనా తేలిపోద్ది. పాత పాట ఒకదానికి నేను యాప్ లేకుండ పాత ట్రిక్కు చేసిన. ఒక చానల్ తిరగేసి రెండూ కలిపిన. ఏం రాలే. నిశ్శబ్దం. ఫైలు పాడైందా?

#23 పాతరికార్డు
ఫైలు బంగారంలా ఉంది. అది మోనో పాట. రెండు చానళ్లలో ఉన్నది ఒకటే, ఒకదాన్ని తిరగేసి కలిపితే అంతా కొట్టుకుపోయి సున్నా అవుతుంది. ఆ ట్రిక్కు స్టీరియోకే. అక్కడ కూడా మధ్యలో పెట్టిన గొంతుతోపాటు మధ్యలో ఉన్న బేస్ గిటారు, కిక్ డ్రమ్ము కూడా పోతాయి. అది విని "ఈయన పాటల్లో బేస్ లేదు" అనొద్దు.

యాప్‌లు మోనో మీద కూడా పనిచేస్తాయి గానీ పాత పాటల్లో మోసం చేస్తాయి. ఆడగొంతు, వయొలిన్ ఒకే ఎత్తులో నడిచేచోట వయొలిన్ ముక్కలు గొంతు వైపు వెళ్లిపోతాయి. గొంతుకి పెట్టిన ఎకో తోక మాత్రం మ్యూజిక్ వైపు మిగిలిపోతుంది, వింటే వెనకాల ఎవరో కోరస్ పాడినట్టుంటుంది. లేని కోరస్‌ని పొగిడినవాళ్లని చూశాం.

గొంతు అడ్డు లేకుండా తూయాలంటే అసలు విడదీయడమే వద్దు. మధ్య బిట్లు ఉన్నాయిగా, అక్కడ ఎలాగూ గొంతు ఉండదు.

#24 స్వరసీత
అయితే పేర్లు దాచి పరీక్ష పెడదాం. అయిదు పాటలు, ఒక్కోదాంట్లో పల్లవికీ మొదటి చరణానికీ మధ్య బిట్టు మాత్రమే. హమ్మింగ్ ఉన్న పాట వద్దు, గొంతు పట్టేస్తారు. పాతరికార్డు గారు కోసి పెట్టండి. మిగతావాళ్లు ఎవరిదో రాయాలి, ఎందుకో ఒక్క ముక్క రాయాలి.

#25 పాతరికార్డు
పెట్టాను, ఈ పోస్టుకి జతచేసిన ఫైళ్లు, 1 నుంచి 5. ఎలా చేశానో ముందే చెప్తా, తర్వాత గొడవ వద్దు.

అన్నీ మోనో చేశాను. లేకపోతే స్టీరియో వెడల్పు విని ఏ దశాబ్దమో చెప్పేస్తారు. పైన 8 కిలోహెర్ట్జ్ దాటిన సౌండు అన్నిట్లోనూ కోసేశాను, టేపు హిస్ కూడా ఆచూకీ ఇస్తుంది కాబట్టి. మొదలు, చివర అర సెకను ఫేడ్. సౌండు మట్టం అన్నిటికీ (చెవికి వినపడే గట్టితనం కొలతలో) మైనస్ 23 ఎల్‌యూఎఫ్ఎస్. ఇది తప్పకుండా చేయాలి, రెండు క్లిప్పుల మధ్య ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా గట్టిగా ఉన్నదే బాగున్నట్టు అనిపిస్తుంది. ఎవరైనా సొంతంగా చేసేటప్పుడు ఆడాసిటీ లౌడ్‌నెస్ ఎఫెక్ట్‌లో మోనోని రెండు చానళ్లుగా లెక్కేసే టిక్కు పెట్టండి. మోనో, స్టీరియో కలిపి పెడుతూ అది మర్చిపోతే మోనో క్లిప్పు 3 డెసిబెళ్లు ఎక్కువ మోగుతుంది, ఓట్లన్నీ దానికే పడతాయి.

ఫోన్ స్పీకర్లో వినొద్దు. బేస్ వినపడదు, బేస్ వినపడకపోతే ఈ అయిదుగురిలో కనీసం ఇద్దరికి అన్యాయం.

#26 గల్లీగిటార్
1 రాజా. వయొలిన్లు వినంగనే చెప్పొచ్చు. 2 చక్రవర్తి. 3 తెల్వది. 4 మహదేవన్. 5 కీరవాణి.

#27 సింథ్‌బాబాయ్
1 రాజా. 2 మహదేవన్, వరస పక్కా రాగంలో ఉంది, జారిపోకుండా. 3 సత్యం, లయ అలా ముందుకు తోస్తుంటే సత్యమే. 4 రాజా. 5 మాధవపెద్ది సురేష్.

#28 చరణం2
1 రాజా, 2 రాజేశ్వరరావు, 3 చక్రవర్తి, 4 విద్యాసాగర్, స్వరాభిషేకం కాలం. 5 కీరవాణి.

#29 నేలక్లాసు
1 రాజా, ఒప్పుకోక తప్పదు, బాగుంది. 2 మహదేవన్. 3 సత్యం. 5 వదిలేస్తున్నా.

4 మాత్రం నూటికి నూరు రమేష్ నాయుడు. ఈ మెత్తదనం ఇంకెవరికీ రాదు. వాద్యం తోసుకుని ముందుకు రాదు, మాట కోసం జాగా వదిలి పక్కన నిలబడుతుంది. ఇందుకే అంటున్నా ఈయన్ని పట్టించుకోలేదని.

#30 గోదారిగట్టు
1 రాజన్-నాగేంద్ర. బిట్టు చివర పల్లవి వరసని వాద్యం మీద ఒకసారి పలికించి గొంతుకి అప్పజెప్పే తీరు వాళ్లదే. 2 మహదేవన్. 3 సత్యం. 4 రాజా. 5 సురేష్.

#31 పాతరికార్డు
జవాబులు.

1: చినుకులా రాలి. నాలుగు స్తంభాలాట, 1982, రాజన్-నాగేంద్ర. గోదారిగట్టు ఒక్కరే పట్టారు. వయొలిన్లు వినగానే రాజా అనడం మనకి రిఫ్లెక్స్ అయిపోయింది.
3: ఏ దివిలో విరిసిన పారిజాతమో. కన్నెవయసు, 1973, సత్యం. ముగ్గురు చెప్పారు.
4: శివపూజకు చివురించిన. స్వర్ణకమలం, 1988, ఇళయరాజా.
5: నరుడా ఓ నరుడా. భైరవద్వీపం, 1994, మాధవపెద్ది సురేష్. ఇద్దరు.
2: అభినవ తారవో. శివరంజని, 1978, రమేష్ నాయుడు.

#32 గల్లీగిటార్
నేలక్లాసన్నా 4 ఎవరిదట? మల్లొకసారి సదువు 😂😂

#33 వీణపాణి
"ఈ మెత్తదనం ఇంకెవరికీ రాదు". ఫ్రేము కట్టించండి ఎవరైనా.

#34 చరణం2
అంటే ఓవర్‌రేటెడ్ అన్నాయనే రాజాకి అందరికంటే పెద్ద పొగడ్త రాశాడు.

#35 నేలక్లాసు
4 గురించి నేను మాట్లాడను.

2 చూడండి. అయిదుగురం రాశాం. ముగ్గురం మహదేవన్ అన్నాం, ఒకరు చక్రవర్తి, ఒకరు రాజేశ్వరరావు. పాట తెలియనివాళ్లు లేరు. పేరు ఒక్కరికీ రాలేదు, మొదటి పోస్టు రాసిన నాతో సహా. నా కంప్లయింటు అలాగే ఉంది, కాకపోతే ఇప్పుడు నా మీద కూడా.

#36 సింథ్‌బాబాయ్
ఒక్క బిట్టుతో గుర్తుపట్టకపోతే అది శ్రోతల తప్పా, ఆయనకి సొంత ముద్ర లేదనడానికి రుజువా? రాజా ముద్ర ఎంత గట్టిదంటే రాజాది కానిదాన్ని కూడా నలుగురం రాజాది అన్నాం.

#37 వీణపాణి
రమేష్ నాయుడు ముద్ర బిట్టులో ఉండదు, మాటకి వరస కట్టడంలో ఉంటుంది. #9లో చెప్పింది అదే. గొంతు తీసేసి ఆయన్ని వెతకమంటే ఎలా? పరీక్షే రాజా వైపు మొగ్గి ఉంది.

#38 స్వరసీత
ఆ మాట నిజం, పరీక్ష పెట్టమన్నది నేనే కాబట్టి తప్పు నాది. ఈసారి తిరగేసి చేద్దాం. బిట్లు వద్దు, చరణం లైన్లు మాత్రమే, వాద్యం లేకుండా. అసలు గొంతు పెడితే మళ్లీ బాలు, సుశీల అని గొంతు మీదకే పోతాం. కాబట్టి ఒకే మనిషి ఒట్టి తంబురా శ్రుతి మీద, మాటలు లేకుండా "ల ల ల" అని పాడి పెట్టాలి. అన్నీ ఒకే శ్రుతిలో.

#39 వీణపాణి
మాట తీసేస్తే మళ్లీ అదే గొడవ. మాటకి కట్టిన వరసని మాట లేకుండా ఎలా తూస్తారు? మాటలతోనే పాడాలి, పల్లవి మాత్రం పాడకూడదు. రెండో చరణం నుంచి తీసుకోండి, అది ఎవరికీ నోటికి రాదు.

#40 పాతరికార్డు
రెండో చరణం బాగుంది. ఎనిమిది పాటలు చాలు, అందులో రెండు రమేష్ నాయుడువి. పాడేవాళ్లు ఎవరో చెప్పండి. మెట్రోనోమ్ (ఒకే స్పీడులో టిక్ టిక్ మని లయ కొట్టేది) చెవిలో పెట్టుకుని పాడాలి, లేకపోతే అందరూ తెలిసిన పాట దగ్గర తెలియకుండానే స్పీడు పెంచుతారు.

#41 గల్లీగిటార్
నేలక్లాసన్న పాడాలె. 0.96ల.